నాలుగో పాయ

ఆ పిల్ల బస్సెక్కబోతూ వెనక్కి తిరిగి ఏం చెప్పబోయింది?

ఏళ్ళ తరబడి పిన్ని మనసులో ఈ ప్రశ్న ఇరుక్కుపోయి ఉంది. దేవుడి ముందు కళ్ళు మూసుకున్నా అదే, సంఘం సమావేశంలో మాట్లాడుతున్నా అదే. మాటలు నేర్చిన నాటి నుంచీ నోరు మూతపడని పిల్ల. ఇంటిల్లిపాదీ వసపిట్ట అని ఊరికే పిలిచారా? అలాంటి పిల్ల బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, "పిన్నీ" అని వెనక్కి తిరిగింది. పెదవుల దాకా వచ్చిన మాటను మింగేసింది. నవ్వింది. చెయ్యి ఊపింది. పిన్నీ చెయ్యి ఊపింది.

సముద్రం దాటి వెళ్ళిన వసపిట్ట మళ్ళీ ఆ బస్సు దిగలేదు.

ఈ రోజు పొద్దున మాత్రం ఆ ప్రశ్నను తలుచుకునే తీరిక కూడా పిన్నికి దొరకలేదు. మేడమీది తన వాటా నుంచి మెట్లు దిగేసరికి కింద నేలంతా గీతలు పడి ఉన్నాయి. అక్క తన కుట్టుమిషన్‌ను కిటికీ దగ్గర నుంచి ఒంటరిగా ఈడ్చుకొచ్చి, వసపిట్ట గది తలుపుకు అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. గోడవారన ట్రంకుపెట్టె. దాని చుట్టూ తాడు, తాడుకు గట్టి ముడి.

బావ తన మూల కుర్చీలో కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో చేతిగడియారం విప్పుకుంటున్నాడు. గడియారాలు బాగుచేసే మనిషికి ఇంట్లో తుఫాను వచ్చినప్పుడల్లా ఆ భూతద్దమే గొడుగు.

"ఇదేమిటి బావా?" అంది పిన్ని మెల్లగా.

"ఆవిడ ఈ గడప తొక్కితే మేం ఈ గడప దాటుతామట. నీకు చెప్పమంది," అన్నాడు బావ తలెత్తకుండా. "పెట్టె సర్దడం అయింది. సర్దేటప్పుడు నా వంక చూసిన చూపుకి, నన్ను కూడా మడతపెట్టి అందులో పెట్టేస్తుందేమో అనుకున్నాను."

పిన్ని నవ్వలేదు. బావ కూడా నవ్వించాలని అనలేదు.

ఈ ఊరికీ, సముద్రం అవతలి ఇంకో ఊరికీ పెద్దలెవరో ఒకప్పుడు అక్కచెల్లెళ్ళ వరస కలిపారు. సంతకాలు నగరపాలకులవి. ఆ చుట్టరికాన్ని ఇన్నేళ్ళూ నిలబెట్టుకొస్తున్నది మాత్రం జీతం బత్తెం లేని ఒక సంఘం. మందుల షాపాయన దానికి అధ్యక్షుడు, పిన్ని కార్యదర్శి. అధ్యక్షుడంటే వేదిక మీద కూర్చునే మనిషి. కార్యదర్శి అంటే ఆ వేదిక మీదికి కుర్చీలు మోయించి, వచ్చినవాళ్ళకు దుప్పట్లు సరిపోయాయో లేదో చూసి, ఎవరికి ఏ మందు పడదో గుర్తుపెట్టుకుని, వాళ్ళ మాట మనవాళ్ళకూ మన మాట వాళ్ళకూ తిప్పి చెప్పి, సభ అయ్యాక దీపాలు ఆర్పి ఇంటికి వెళ్ళే మనిషి.

భర్త పోయి, పిల్లలు లేని పిన్నికి ఆ సంఘమే సంసారమైంది. వసపిట్టకు పిన్ని కాబట్టి సంఘంలో పిల్లలందరికీ పిన్ని అయింది. పోగా పోగా ఊరికే పిన్ని అయింది.

ఒక ఏడు ఇక్కడి పిల్లలు అక్కడికి వెళ్తారు. ఇంకో ఏడు అక్కడివాళ్ళు ఇక్కడికి వస్తారు. హోటళ్ళలో దించడం ఉండదు. "ఇంటికి ఇల్లు" అని పిన్నే ఒక నియమం పెట్టింది. మన పిల్ల ఏ ఇంట్లో ఉండి వచ్చిందో, ఆ ఇంటివాళ్ళు ఎప్పుడు వచ్చినా మన పిల్ల ఇంట్లోనే దిగాలి. వేరే చోట దిగితే అది చుట్టరికం కాదు, ప్రయాణం మాత్రమే అవుతుందని పిన్ని ప్రతి సభలోనూ చెప్పేది. చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ ఏడు వెళ్ళే పిల్లల్లో వసపిట్ట పేరు మొదట చెప్పింది పిన్నే. మా అక్క కూతురు వెళ్తోందని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఆ తర్వాత పిల్లను అడిగింది. పిల్ల సరేనంది.

అక్కడ వసపిట్టను ఇంట్లో పెట్టుకున్న ఆవిడను పిల్ల ఫోనులో "అవతలి అమ్మ" అనేది. నెల తిరగకుండానే ఆ పిల్లకు జ్వరం తగిలింది. మెదడుకెక్కింది. ప్రయాణానికి అనుమతి కాగితాలు ఒక్క మనిషికే దొరికితే బావ వెళ్ళాడు. అప్పటికే ఆలస్యమైంది. వెళ్ళినవాడు ఎలా తీసుకొచ్చాడో, ఏం చూశాడో, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాని అవతలి అమ్మ, ఈ ఏడు వచ్చేవాళ్ళలో తన పేరు ఇచ్చింది. ఎవరింట్లో దిగుతారని అడిగితే, "ఆ పిల్ల ఇంట్లో" అని కబురు పంపింది.

ఆ బస్సు ఈ మధ్యాహ్నమే వస్తోంది.

*

అక్క పిన్నితో నేరుగా మాట్లాడి ఏళ్ళయింది. అలాగని రాకపోకలు తెగిపోలేదు. ఒకటే ఇల్లు, ఒకటే నీళ్ళ ట్యాంకు, ఒకటే వీధి గేటు. పిన్నికి ఒంట్లో బాగా లేకపోతే పాలగిన్నె మేడ మెట్ల మీద కనపడుతుంది. మాటలు మాత్రం బావ మీదుగా నడుస్తాయి. పిన్ని ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "మీ మరదలితో చెప్పండి, ట్యాంకు పొర్లిపోతోందని" అంటుంది అక్క. బావ మొహం పిన్ని వైపు తిప్పి, ట్యాంకు పొర్లిపోతోందట అంటాడు.

"సముద్రాల మీద దుబాసీ పని నీది, మెట్ల మీద నాది," అని బావ ఒకసారి అన్నాడు. "నీకు శాలువాలైనా కప్పుతారు."

పిన్ని మిషన్‌కు రెండడుగుల దూరంలో నిలబడింది.

"అక్కా, ఒక్క మాట వింటావా?"

మిషన్ చక్రం తిరుగుతూనే ఉంది. అక్క చేతి కింద ఏదో బడి పిల్ల గౌను అంచు. కుడుతూనే, గుడ్డ మీద నుంచి చూపు మరల్చకుండా, బావతో అంది.

"మీ మరదలితో చెప్పండి. ఆవిడ ఇంట్లోకి నా బిడ్డ తన కాళ్ళతో నడిచి వెళ్ళింది. ఎలా తిరిగొచ్చిందో మీరే కదా తెచ్చారు, మీకు తెలుసు. ఇప్పుడు ఆ ఇల్లాలికి నా బిడ్డ మంచం మీద నేను దుప్పటి పరవాలా? అది ఏ నియమమో కనుక్కోండి."

బావ భూతద్దం తీసి, నోరు తెరిచాడు.

"విన్నాను బావా," అంది పిన్ని.

పిన్ని మేడెక్కిపోయి, దేవుడి పటం ముందు కూర్చుంది. ఏం కోరుకోవాలో తెలియలేదు. ఆవిడ రాకూడదని కోరుకుంటే అతిథిని కాదన్నట్టు. రావాలని కోరుకుంటే ఉన్న ఒక్క తోబుట్టువును గడప దాటించినట్టు. రెండూ తప్పుగానే తోస్తున్నప్పుడు మనిషి దేవుణ్ణి ఏమని అడగాలి? అడగకుండానే లేచింది.

వీధిలో స్కూటరు ఆగిన చప్పుడు. మందుల షాపాయన చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. గుమ్మంలోంచే మిషన్‌ను చూశాడు, పెట్టెను చూశాడు, ఇంకేమీ అడగలేదు. మంచి మనిషి. ఎదుటివాళ్ళు చెప్పని జబ్బును కూడా అర్థం చేసుకోగలడు.

పిన్నిని పక్కకు పిలిచి, ఆవిణ్ణి తన ఇంట్లో దించుకుంటానన్నాడు. షాపు మీద గది ఖాళీగా ఉంది, తన భార్య పక్క కూడా వేసేసింది, అక్కగారికి ఒంట్లో బాగా లేదని చెబితే సరిపోతుంది, నియమం మనం పెట్టుకున్నదే కాబట్టి మనమే ఒక పూట పక్కన పెట్టుకోవచ్చు. అంతా సబబుగానే ఉంది. పిన్ని తల ఊపబోయింది కూడా.

ఆ గదిలో అయితే అవతలి అమ్మతో తను ఒంటరిగా మాట్లాడవచ్చు. పక్కన అక్క ఉండదు. వసపిట్ట చివరి రోజుల సంగతులు తను ఒక్కతే వినవచ్చు. ఎంత విన్నది, ఎంత దాచుకున్నది ఎవరికీ తెలియదు.

ఈ ఆలోచన రాగానే పిన్నికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఆవిడ గది అడగలేదండీ, ఇల్లు అడిగింది," అంది. "ముందు ఇక్కడికే తీసుకొస్తాను. ఉండడం నా మేడమీద ఉంటుంది. కానీ రావడం ఈ గుమ్మంలోంచే."

మెల్లగానే అంది. అయినా లోపల మిషన్ ఆగిపోయింది.

"ఏమండీ," అంది అక్క గొంతు. "ఆ పెట్టె తీసుకెళ్ళి గేటు దగ్గర పెట్టండి."

బావ లేచాడు. పెట్టె దాకా వెళ్ళాడు. వంగి, పిడి మీద చెయ్యి వేసి, అలాగే కాసేపు ఉండి, నడుం పట్టుకుని నిటారుగా లేచాడు.

"పట్టేసింది," అన్నాడు. "సాయంత్రానికి సర్దుకుంటే చూద్దాం."

అక్క అతన్ని చూసిన చూపుకు గోడ అయినా పక్కకు తప్పుకునేది. బావ తప్పుకోలేదు. తిరిగి వెళ్ళి భూతద్దం బిగించుకున్నాడు.

*

నగరపాలక కార్యాలయం ముందు చెట్టు నీడలో సంఘం వాళ్ళంతా వరసగా నిలబడ్డారు. ఎవరి చేతిలో వాళ్ళ అతిథి పేరు రాసిన అట్ట. ఎవరింట్లో దిగుతారో ఆ ఇంటివాళ్ళే తమ చేత్తో రాసి, తామే పట్టుకోవాలి. అదీ పిన్ని పెట్టిన పద్ధతే. పరాయి ఊళ్ళో దిగగానే తన పేరు పట్టుకుని ఒకరు కనపడితే సగం భయం పోతుందని ఆమె నమ్మకం.

అక్క పట్టుకోవలసిన అట్టను పిన్ని పట్టుకుంది.

బస్సు వచ్చింది. అందరూ దిగారు. కౌగిలింతలు, నవ్వులు, సామాన్ల హడావిడి. అందరికన్నా చివర ఒక పొడవాటి ముసలావిడ, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. నడుం కొద్దిగా వంగింది. జుట్టు పూర్తిగా నెరిసింది, వెనక పెద్ద ముడి. ఆ వయసు వాళ్ళంతా జుట్టు కురచగా కత్తిరించుకుని ఉంటే, ఆవిడ ఒక్కతే బరువైన ముడితో ఉంది.

అట్ట మీద పేరు చూసింది. తర్వాత అట్ట పట్టుకున్న మనిషిని చూసింది. దగ్గరికి వచ్చి, కష్టపడి పలికింది.

"పిన్ని?"

మన మాట. వసపిట్ట నేర్పిన మాట. పిన్ని ఆవిడ చేతిలోని సంచీ అందుకుంది.

దారిలో కారు వెనక సీటులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అవతలి అమ్మ భాష పిన్నికి బాగా వచ్చు. అడగాలంటే ఇదే అదను. వసపిట్ట మీతో నా గురించి ఏమైనా చెప్పిందా అని ఒక్క ముక్క అడిగితే చాలు. నాలుక కదిలింది, మళ్ళీ పడుకుంది. ఏళ్ళ తరబడి తెలుసుకోవాలని తపించిన మనిషికి, తెలిసే ఘడియ వచ్చేసరికి తెలియకపోవడమే నయమనిపించింది.

దానికి బదులు ఇంకో సంగతి చెప్పింది. మా అక్క మిమ్మల్ని రమ్మనకపోవచ్చు, తలుపుకు అడ్డంగా కూర్చుని ఉంది, మీరు నొచ్చుకోకండి అని.

అవతలి అమ్మ కిటికీలోంచి వీధులను చూస్తూ, తను తలుపు బయటే కూర్చుంటానంది.

*

అన్నట్టుగానే చేసింది. లోపలికి వచ్చి, గది తలుపును చూసింది, దానికి అడ్డంగా ఉన్న మిషన్‌ను చూసింది, మిషన్ వెనక తలొంచుకుని కుడుతున్న మనిషిని చూసింది. పిన్ని మేడ మెట్లు చూపిస్తున్నా అటు వెళ్ళలేదు. బావ తెచ్చి వేసిన కుర్చీలోనూ కూర్చోలేదు. గుడ్డముక్కలు పోసుకునే చిన్న పీట ఒకటి మిషన్ పక్కన ఉంటే, దాన్ని ఇవతలికి జరుపుకుని దాని మీద కూర్చుంది.

మిషన్ గడగడా తిరుగుతోంది. పిన్ని అటు చూసి ఉలిక్కిపడింది. సూదిలో దారం లేదు. గౌను అంచు పొడుగునా వట్టి చిల్లులు పడుతున్నాయి.

అవతలి అమ్మ చాలాసేపు ఆ చేతులనే చూస్తూ కూర్చుంది. తర్వాత, ఆలస్యంగా వచ్చానని అంది. ముందే రావలసింది, ధైర్యం చాలలేదు, ఈ మధ్య గుండె బాగా లేదని డాక్టర్లు చెప్పాక ఇక ఆగకూడదనుకున్నాను అంది. పిన్ని ఒక్కో మాటా మన మాటల్లోకి తెచ్చింది. అక్క విన్నదో లేదో తెలియలేదు.

ఇంతలో చక్రం ఆగింది.

"ఏమండీ," అంది అక్క, బావ వైపు తిరిగి. గొంతు బొంగురుపోయి ఉంది. "ఆవిణ్ణి ఒక్క మాట అడగమనండి. నా బిడ్డ అక్కడ సంతోషంగా ఉందా?"

బావ మొహం పిన్ని వైపు తిరిగింది. అతను మళ్ళీ చెప్పవలసిన పని లేకపోయింది. పిన్ని అడిగింది.

అవతలి అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల మీద మిషన్ గీసిన గీతలు చూస్తూ, నెమ్మదిగా చెప్పుకుపోయింది. ప్రతి మాటా పిన్నికి అర్థమైంది.

ఆవిడ చెప్పడం ఆపి, ఇక మీ వంతు అన్నట్టు పిన్ని వైపు చూసింది.

పిన్ని ప్రశ్నకు జవాబు దొరికింది. ఏళ్ళ తరబడి వెతికిన జవాబు, సూటిగా, స్పష్టంగా. దాన్ని ఇప్పుడు తన నోటితోనే అక్కకు చెప్పాలి.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఈ గదిలో ఆ భాష తెలిసింది తనొక్కతే. సంతోషంగానే ఉందట అక్కా అంటే అయిపోతుంది. అక్క మనసు కుదుటపడుతుంది. ఒకవేళ ఆ పెట్టె తాడు విప్పుకున్నా విప్పుకోవచ్చు. ఎవరికి నష్టం?

దుబాసీ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు పిన్ని మొదటి రోజే రెండు మాటలు చెబుతుంది. విన్నది పొల్లుపోకుండా చెప్పండి, ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోండి గానీ మార్చి చెప్పకండి. రెండోది, "ఆయన ఇలా అంటున్నాడు, ఆవిడ అలా అంటోంది" అనకండి. "నేను" అనే చెప్పండి. మీరు గొంతు మాత్రమే, మాట వాళ్ళది.

బావ భూతద్దం తీసేశాడు. పిన్ని వైపే చూస్తున్నాడు.

దేవుడా, నిజం చెప్పమన్నావు, సరే. చెప్పాక మనిషికి ఏం మిగులుతుందో ఎక్కడా చెప్పలేదే, అనుకుంది పిన్ని.

"సంతోషంగా లేదు," అంది. "వచ్చిన కొత్తలో రోజూ ఏడ్చేది. నేను పక్కన కూర్చుని అడిగితే ఒకరోజు వచ్చీరాని మా మాటల్లో చెప్పింది. 'నాకు రావడం ఇష్టం లేదు. అమ్మను విడిచి ఎప్పుడూ ఉండలేదు. బస్సెక్కేటప్పుడు పిన్నితో చెప్పేద్దామనుకున్నాను. పిన్ని అప్పటికే ఊరంతా చెప్పుకుంది. తన మొహం అంత వెలిగిపోతుంటే నాకు నోరు రాలేదు.'"

మొదటి 'నేను' అవతలి అమ్మ. ఆ లోపలి 'నేను' వసపిట్ట. రెండు నేనులూ పిన్ని గొంతులోంచే బయటికి వచ్చాయి. "నోరు రాలేదు" అనే చోట మాట తెగింది. మళ్ళీ పట్టుకుని, మొదటి నుంచి ఆ మాట పూర్తిగా చెప్పింది.

బావ బల్ల మీద విప్పిన గడియారం ఆగే ఉంది.

అవతలి అమ్మకు మాటలు తెలియకపోయినా జరిగింది తెలిసింది. చెయ్యి చాచి పిన్ని మోచేతిని తాకింది. ఇంకా ఉంది అన్నట్టు తలూపి, మళ్ళీ చెప్పింది. పిన్నీ చెప్పింది.

"తర్వాత తర్వాత ఏడుపు తగ్గింది. నా వెనకే తిరుగుతూ వాగుతూ ఉండేది. మధ్యలో మీ మాటల్లోకి దిగిపోయేది, నాకు అర్థం కాకపోయినా ఆపేది కాదు. నాకు మీ మాటలు కొన్ని నేర్పింది. అమ్మ. పిన్ని. జడ. ఇల్లంతా దాని గొంతే ఉండేది."

అక్క కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు లేవు. రెండు చేతులూ మిషన్ బల్ల మీద బోర్లా పెట్టి, ఆ చేతులు ఎవరివో అన్నట్టు చూసింది. పిన్ని మాత్రం దెబ్బ కోసం ఎదురుచూస్తోంది. తిడుతుంది. లేకపోతే లేచి పెట్టె అందుకుంటుంది. రెండిట్లో ఏదైనా సరే, ఈ మౌనం కన్నా తేలిక.

అక్క తిట్టలేదు.

"దానికి జడ ఎవరు వేసేవాళ్ళు?" అంది.

ఎవరిని అడిగిందో తెలియలేదు. బావను చూసి అడగలేదు. బావ అలవాటు కొద్దీ అందుకోబోయి, ఆగాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. పిన్ని ఆ ప్రశ్నను అవతలి అమ్మకు చెప్పింది.

అవతలి అమ్మ మొహం మొదటిసారి కొద్దిగా విచ్చుకుంది. చేతులు వెనక్కి పెట్టి చూపిస్తూ చెప్పింది.

"తనే వేసుకునేది. వంకర టింకరగా వచ్చేది. నాకు చేతకాదు. మా అమ్మ నాలుగు పాయలతో వేస్తుంది, చాలా బిగువుగా ఉంటుంది, మొదటి మెలిక పడేదాకా నాలుగో పాయను మా పిన్ని పట్టుకోవాలి అని చెప్పేది. ఒకరోజు నేను ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే చూసి, ఇంత జుట్టు పెట్టుకుని ఒట్టి ముడి ఏమిటి, వెళ్ళేలోపు నీకు మా అమ్మ జడ వేసి చూపిస్తాను అంది. రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే జ్వరం వచ్చింది. మంచం మీద కూడా అదే అంది. నీకు జడ బాకీ ఉన్నాను, మరిచిపోకు అంది."

అవతలి అమ్మ చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ బాకీ అడగడానికి రాలేదు. చివరిదాకా అది తలుచుకున్నది మీ చేతి జడనే అని, ఆ సంగతి మీకు తెలియకుండా నేను పోకూడదని వచ్చాను."

పిన్ని చెప్పవలసింది ఇక ఏమీ లేదు.

అక్క లేచింది. మిషన్ అంచు రెండు చేతులా పట్టుకుని తోసింది. దాని ఇనప కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. బావ సాయానికి రాబోతే తలతోనే వద్దంది. మనిషి పట్టేంత సందు చేసి, తలుపు గొళ్ళెం తీసి, లోపలికి వెళ్ళింది.

సొరుగు లాగిన చప్పుడు.

బయటికి వచ్చేసరికి చేతిలో చెక్క దువ్వెన ఉంది. అలవాటుగా దాన్ని తుడవబోయి, ఆగింది. తుడవకుండానే పట్టుకుంది.

అవతలి అమ్మ వెనక నిలబడి, ఆవిడ భుజాలు పట్టుకుని, కిటికీ వెలుతురు వైపు తిప్పింది. ముడి విప్పింది. నెరిసిన జుట్టు జలజలా జారి నడుం కిందిదాకా పడింది. అక్క దువ్వడం మొదలుపెట్టింది. మొదట చివర్లు, తర్వాత మధ్యలో, చివరికి పైనుంచి కిందికి. చిక్కు తగిలిన చోట వేళ్ళతో విడదీసింది, లాగలేదు. అవతలి అమ్మ కళ్ళు మూసుకుంది. తన తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఆవిడకు ఎన్నాళ్ళయిందో.

దువ్వడం అయింది. అక్క జుట్టును పాయలుగా తీసింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాన్ని పక్కకు తీసి, అలాగే ఎత్తి పట్టుకుని ఆగింది.

బావ వైపు చూడలేదు.

"ఈ పాయ పట్టుకో," అంది.

ఆ మాట తనతోనే అన్నదని పిన్నికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. మధ్యలో ఎవరూ లేరు. ఏళ్ళ తర్వాత అక్క గొంతు నేరుగా తన చెవిన పడింది. అందులో కోపం ఉందా, చల్లారిందా, ఏమీ తెలియలేదు. ఒకప్పుడు పొద్దున్నే బడికి ఆలస్యమవుతోందని తొందరపెడుతూ అన్న మాటే, అదే తీరున అంది.

వంగి, ఆ పాయను రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. అక్క మొహం దగ్గరగా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అక్క వేళ్ళు మూడు పాయలను మెలిపెట్టి, బిగించి, నాలుగో దాని కోసం వచ్చాయి. పిన్ని వేళ్ళకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. పాయను తీసుకుని, జడలోకి కలుపుకుని వెళ్ళిపోయాయి.

మెలిక మీద మెలిక పడుతూ జడ కిందికి దిగింది. చివర అక్క, చిల్లులు పడ్డ గౌను అంచులోంచి ఒక పీలిక చింపి ముడివేసింది. అవతలి అమ్మ చెయ్యి వెనక్కి పెట్టి, మెడ దగ్గర నుంచి చివరిదాకా, మెల్లగా, ఒక్కో మెలికా తడుముకుంది.

"జడ," అంది మన మాటలో.

వసపిట్ట బాకీ తీరింది.

అక్క దువ్వెన పట్టుకుని గదిలోకి వెళ్ళింది. ఈసారి తలుపు వేయలేదు. అలాగని ఎవరినీ లోపలికి రమ్మనీ అనలేదు. బావ మెల్లగా లేచి, ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళి, తాడు ముడి మీద చెయ్యి వేసి, విప్పనా అన్నట్టు పిన్ని వైపు చూశాడు.

ఆ జవాబు ఇవ్వవలసింది తను కాదు. పిన్ని తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ నిలబడింది.